పన్నెండు మంది కొలతలు

మా ఆయన చొక్కా కుట్టినట్టు కుర్చీ చేస్తారు. ఎవరు కూర్చుంటారో ఆ మనిషిని ముందు నిలబెట్టి, తర్వాత కూర్చోబెట్టి, మోకాలి మడత నుంచి మడమ దాకా, నడుము నుంచి భుజం దాకా, మోచేతి ఎత్తు, తొడ పొడవు, అన్నీ టేపుతో కొలిచి రాసుకుంటారు. ఆఖరికి ఆ మనిషి వెనక్కి వెళ్ళి, వీపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు ఉంటారు. వచ్చినవాళ్ళలో సగంమంది ఈ ఆఖరి ఘట్టం దగ్గరే ఇంట్లో పని గుర్తొచ్చి వెళ్ళిపోయారు.

మొదటి కుర్చీ మా అత్తగారికి చేశారు. మోకాళ్ళ నొప్పులతో లేవడానికి నాలుగుసార్లు మూలిగే మనిషి, అందులోంచి పిలవగానే లేచి రావడం మొదలుపెట్టింది. పిలవకపోయినా రావడం మొదలుపెట్టింది, అది వేరే సంగతి. చిక్కేమిటంటే ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చున్నా ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. ఎక్కడో బిగుతు, ఎక్కడో వదులు. చేయించుకున్నవాళ్ళు ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు, వాళ్ళింటికి వచ్చిన చుట్టాలు మాత్రం "ఇదేం కుర్చీ, గుచ్చుతోంది" అని వెళ్ళేవాళ్ళు. ఊళ్ళో చేయించుకున్నవాళ్ళు తక్కువ, చుట్టాలు ఎక్కువ. ఏడాదిన్నరలో ఏడు కుర్చీలు అమ్మాం. అందులో రెండు మొహమాటానివి.

అంతకుముందు పదకొండేళ్ళు ఆయన వాళ్ళన్నయ్య ఫ్యాక్టరీలో పనిచేశారు. రంపపు పొట్టు అదిమి చేసిన పలకల్ని మిషన్ కోస్తుంది, అది సరిగ్గా కోస్తోందో లేదో ఈయన చూడాలి. అది సరిగ్గానే కోసేది. ఆ పదకొండేళ్ళలో ఆయన ఇంట్లో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. సాయంత్రం వచ్చేవారు, తినేవారు, గోడ వైపు తిరిగి పడుకునేవారు. పెళ్ళిచూపుల్లో మితభాషి అంటే మర్యాద అనుకున్నాను.

షెడ్డు అద్దెకు తీసుకుని సొంతంగా చెయ్యడం మొదలుపెట్టాక ఆ మనిషికి నోరొచ్చింది. అన్నం తింటూ చెక్క గురించి చెప్పేవారు. ఏ ముక్క ఎటు వంగాలని చూస్తుందో, చిత్రిక పడితే ఏ చెక్క ఏ వాసన వేస్తుందో. నాకు చెక్క మీద ఆసక్తి ఏమీ లేదు. కానీ పదకొండేళ్ళ తర్వాత ఎదురుగా కూర్చున్న మనిషి మాట్లాడుతుంటే, వాన లెక్కలు చెప్పినా వింటాం.

అందుకే బావగారు వచ్చి గడువు పెట్టినప్పుడు నాకు భయమేసింది.

"ఒరేయ్, కొత్త మిషన్ వస్తోంది. దాని దగ్గర నిన్నే పెడదామనుకుంటున్నా. ఆరు నెలలు ఆగుతా. ఈలోపు నీ కుర్చీలు నిలబడ్డాయా సరే, ఇంక అడగను. లేదంటే ఆ తర్వాతి ఒకటో తారీకు నుంచి వచ్చెయ్." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పమ్మా, చదువుకున్నదానివి" అన్నారు.

ఆయన ముఖం చూస్తే, అన్నగారు ఇంకా మెట్లు దిగకముందే గోడ వైపు తిరగడం మొదలుపెట్టినట్టు ఉంది. బేరాలు తెచ్చే పని ఇక నాది అనుకున్నాను.

నమూనాకి నా కుర్చీ పట్టుకుని బయల్దేరాను. అది నా కొలతలకి చేసింది. రెండు దుకాణాల్లో, ఒక దంతవైద్యుడి దగ్గర, ఒక లాయరు ఆఫీసులో భంగపడ్డాక నాకొక సంగతి తట్టింది. నా కుర్చీ నచ్చాలంటే కూర్చునేవాళ్ళు నా అంత ఉండాలి. ఆ రోజు నుంచి నా కొలతల మనుషుల కోసం వెతకడం మొదలుపెట్టాను. బస్సులో పక్కన నిలబడి భుజం భుజం చూసుకోవడం, కొట్లో వరసలో ముందున్న ఆడమనిషి నడుము కేసి పరీక్షగా చూడటం. ఒకావిడ నన్ను జేబుదొంగ అనుకుని సంచీ గుండెలకి హత్తుకుంది.

నెల తిరక్కుండా దొరికింది. ఒక ప్రైవేటు స్కూలు హెడ్మిస్ట్రెస్. నా ఎత్తే, నా లావే. అద్దంలో నన్ను నేను చూసుకుని కాస్త అధికారం కలుపుకున్నట్టు ఉంది. కుర్చీ ఆవిడ గదిలో వేసి, "ఒక్కసారి కూర్చోండి మేడమ్, కొనక్కర్లేదు" అన్నాను. కూర్చుంది. వెనక్కి వాలింది. గంట కొట్టారు, లేవలేదు. ఎవరో ఫైలు పట్టుకొచ్చారు, చేత్తో వెళ్ళమంది.

"ఇది నాకు వదిలెయ్యండి" అంది కాసేపటికి. "స్టాఫ్ రూముకి ఇలాంటివే పన్నెండు చెయ్యండి. మాకు ఇంకా రెండు బ్రాంచీలున్నాయి. ఇవి బాగుంటే వాటికీ చూద్దాం."

"మా ఆయన వచ్చి టీచర్లందరి కొలతలు తీసుకుంటారండీ."

"కొలతలెందుకు?"

చెప్పాను. వీపు మీద చెయ్యి సంగతి చెప్పలేదు.

"అమ్మా, పరాయి మనిషి వచ్చి మా టీచర్లకి టేపు పెడతాడంటే రేపటి నుంచి నేను ఇంట్లో కూర్చోవాలి. మీరు పెట్టినా అంతే. ఇలాగే, ఇదే ఎత్తు, పన్నెండు. అంతే."

ఇంటికొచ్చి పన్నెండు అని చెప్పగానే ఆయన లేచి నిలబడ్డారు. మా అత్తగారు కూడా లేచింది, ఆ కుర్చీ మహిమ. టేపు జేబులో పెట్టుకుని "రేపు పొద్దున్నే వెళ్ళి కొలుచుకొస్తా" అన్నారు.

"బయటి మగవాళ్ళని స్టాఫ్ రూములోకి రానివ్వరటండీ. అయినా కొలతలెందుకు, అన్నీ నా దానిలాగే చెయ్యమంది."

ఆయన టేపు తీసి బల్ల మీద పెట్టారు. "కొలత లేకుండా చేస్తే దాన్ని సామాను అంటారు. సామాను అన్నయ్య చేస్తాడు. వద్దని చెప్పెయ్."

"వద్దని చెప్పెయ్" అన్నప్పుడు ఆ గొంతు నేను పదకొండేళ్ళు విన్న గొంతు. నేను వెంటనే, "నేను వెళ్ళి కొలుచుకొస్తాలెండి. ఆడదాన్ని, నన్ను రానిస్తారు" అనేశాను.

మర్నాడు ఆ స్కూలు ఎదురుగా ఉన్న బస్టాపులో రెండు గంటలు కూర్చుని, నోట్‌బుక్కులో పన్నెండు పేజీలు నింపాను. అన్నీ నా కొలతలే, కాస్త అటూ ఇటూ చేసి. ఆ కొలతలతో ఏడాదిన్నర కాపరం చేశాక ఆ వ్యవహారమంతా నాకు చాదస్తంగానే కనిపించేది. ఈ మాట ఇప్పుడు రాయడం సులువుగా లేదు, కానీ నిజం. కుర్చీ అంటే కుర్చీ. రెండు వేళ్ళు తేడా వస్తే ఎవరు చూడొచ్చారు.

ఆయన చూశారు. పేజీలన్నీ తిప్పి కళ్ళజోడు తీశారు.

"పన్నెండు మంది మోకాళ్ళూ ఒకే ఎత్తా? ఇది స్కూలా, ఒకే కాన్పులో పుట్టినవాళ్ళా?"

"ఏమోనండీ, టేపు అలాగే చెప్పింది."

"నీకు టేపు పట్టడం రాలేదు. మళ్ళీ కొలువు. ఒక్కొక్కళ్ళు ఏం చెప్తారో కూడా రాసుకురా. ఏ సబ్జెక్టు, ఎంతసేపు నిలబడతారు, ఎక్కడ నొప్పి."

మళ్ళీ బస్టాపు. ఈసారి తడబడకుండా రాశాను. లెక్కల మేష్టారు ఆరడుగులు, నడుము నొప్పి. డ్రాయింగ్ టీచరు ఎడమచేతి వాటం. హిందీ ఆవిడ భారీ మనిషి, కూర్చుంటే లేవదు. తెలుగు మేష్టారు సన్నం, ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకునే అలవాటు. కుట్టు టీచరు అందరికన్నా పొట్టి, నాలుగున్నర అడుగులు కూడా ఉండదు. కాలేజీలో వ్యాసరచనలో నాకు మొదటి బహుమతి వచ్చింది. ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందని లోపల మురిసిపోయాను కూడా.

ఇక మా ఇంట్లో పన్నెండు మంది దిగారు.

ఆయన షెడ్డు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని మొదలుపెట్టేవారు. "లెక్కల మేష్టారి నడుం నొప్పి పైనా, కిందా?" నేను "కింద" అనేదాన్ని. మర్నాడు ఆ కుర్చీ వీపు చెక్క రెండు వేళ్ళు కిందికి దిగేది. "డ్రాయింగ్ టీచరు రాసేటప్పుడు కాగితం అడ్డంగా పెడుతుందా, నిలువుగానా?" అడ్డంగా. ఎడమ చెయ్యి ఆనే చెక్క వెడల్పయ్యేది. మా అత్తగారు కూడా ఊరుకునేది కాదు.

"అమ్మాయ్, ఆ కుట్టు టీచరుకి పెళ్ళయిందా?"

"అయిందత్తయ్యా. ఆడపడుచు పోరు."

"అయ్యో. పొట్టిగా ఉందని దెప్పుతుంది కాబోలు."

"అంతే అయ్యుంటుంది."

"మొగుడేమనడా?"

"నోట్లో నాలుక లేని మనిషట."

మా ఆయన ముద్ద కలుపుతూ ఆగి, "ఆవిడ పాపం ఇన్నేళ్ళూ కాళ్ళు వేలాడేసుకునే కూర్చుని ఉంటుంది" అన్నారు. "ఎవరి కుర్చీలో కూర్చున్నా పాదం నేలకి ఆని ఉండదు. ఆవిడది అన్నిటికన్నా ముందు పూర్తిచేస్తా."

ఆ పూటే నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆయన అప్పటికే ఆ కుర్చీ ముందు అంచుని ఎలా గుండ్రం చేస్తారో పళ్ళెం మీద వేలితో గీసి మా అత్తగారికి చూపిస్తున్నారు.

ఇంకోసారి కూడా అనుకున్నాను. షెడ్డుకి టీ పట్టుకెళ్ళాను. కిటికీ దగ్గర ఎనిమిది కుర్చీలు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ దారంతో కాగితం ముక్క కట్టి ఉంది. లెక్కలు, హిందీ, కుట్టు. ఒక్క మేకు లేదు, చెక్కలోకి చెక్క దిగేసినవే. ఆయన గరుకు కాగితం పడుతూ ఈల వేస్తున్నారు. పెళ్ళయిన పదమూడేళ్ళకి మా ఆయనకి ఈల వెయ్యడం వచ్చని తెలిసింది. గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను.

బావగారు వచ్చి చూశారు. "ఏమ్మా, కుర్చీల కంపెనీ జోరుగా ఉన్నట్టుందే. ఒరేయ్, పన్నెండూ ఒకలాగే ఉండవేంట్రా?"

"పన్నెండు మందికి అన్నయ్యా."

"ఇవి కుర్చీలా, నీ చుట్టాలా?" బావగారు లెక్కల మేష్టారి కుర్చీలో కూర్చోబోయి, పాదాలు నేలకి అందక లేచారు. "సరే. ఇవి తీసుకుని వాళ్ళు బాగున్నాయంటే నువ్వు గెలిచినట్టే. లేదంటే ఒకటో తారీకు మర్చిపోకు."

అప్పగించే రోజున "మీరెందుకండీ, వ్యాన్ అతను దింపేస్తాడు, నేను వెంట ఉంటాను" అన్నాను. అప్పటికే ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. "వాళ్ళందరినీ చూడొద్దూ?" అన్నారు. బయటి మగవాళ్ళని రానివ్వరన్న నా అబద్ధం అక్కడి కాపలావాడు గేటు తీసి నమస్కారం పెట్టడంతో మొదటి నిమిషంలోనే పోయింది. ఆయన గమనించలేదు. సంతోషంలో ఉన్నారు.

స్టాఫ్ రూములో పొడుగాటి బల్ల, రెండు బీరువాలు, మూల మంచినీళ్ళ ఫిల్టరు. బల్లకి అటు ఆరు, ఇటు ఆరు కుర్చీలు వేశారు. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి, ఒకటి వెడల్పు. పాలపళ్ళు ఊడుతున్న పిల్లల నోరులా ఉంది వరస. ఇంటర్వెల్ కాబోలు, టీచర్లంతా వచ్చి నిలబడ్డారు. హెడ్మిస్ట్రెస్ తలుపు దగ్గర ఆగి నా కేసి చూసింది.

ఆయన మొదటి కాగితం విప్పి, నవ్వుతూ, "లెక్కల మేష్టారు ఎవరండీ?" అన్నారు.

"నేనేనండీ" అంటూ నా భుజానికి వచ్చే గుండ్రటి మనిషి ముందుకొచ్చాడు.

మా ఆయన కాగితం కేసి, ఆ మేష్టారి కేసి చూశారు. "ఆరడుగుల..."

"ఎప్పుడో అవుదామనుకున్నానండీ" అన్నాడాయన. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, ఏదో కాగితం మారి ఉంటుందనుకుని రెండోది విప్పారు.

"డ్రాయింగ్ టీచర్ గారూ, మీది ఎడమచేతి వాటం కదండీ?"

"కాదండీ, కుడే." ఆవిడ రంగు అంటిన కుడి చెయ్యి ఎత్తి చూపించింది.

"కుట్టు టీచరు?"

"మా దగ్గర కుట్టు లేదండీ" అన్నారెవరో.

అప్పటికైనా ఆగి ఉండొచ్చు. ఆయన ఆగలేదు. ఒక్కొక్కళ్ళనీ "కాస్త ఇందులో కూర్చోండి" అని కూర్చోబెట్టి, పక్కన మోకాళ్ళ మీద వంగి, పాదం కింద వేలు దూర్చి చూసి, "మీది కాదు" అనేవారు. లేపి ఇంకోదానిలో. "ఇదీ మీది కాదు." మొదట వాళ్ళకి కుర్చీలాటలా సరదాగా ఉంది. ఒక పొడుగాటి ఆవిడ వెనక నిలబడి అరచెయ్యి ఆనించబోయి, తమాయించుకుని, "మీకు ఇంకో రెండు వేళ్ళు లోతు కావాలండీ, ఇది మీది కాదు" అన్నారు. నవ్వులు తగ్గాయి. పన్నెండు మందిని పన్నెండింటిలోనూ తిప్పారు. ఆ ఇస్త్రీ చొక్కా వీపు తడిసిపోయింది. చివరికి కాగితాలన్నీ చేతిలో దొంతి పెట్టుకుని లేచి, నా కేసి చూశారు.

నేను ఫిల్టరు కేసి చూశాను.

"అన్నీ ఆ కుర్చీలాగే అన్నాను కదమ్మా మీతో" అంది హెడ్మిస్ట్రెస్. కోపంగా కూడా అనలేదు. కుర్చీల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "పనితనం చాలా బాగుంది. కానీ వరసలో ఉంచలేను. ఒక పని చెయ్యండి, అన్నీ ఒకే ఎత్తుకి కోసెయ్యండి. చేతులూ తీసెయ్యండి. తీసుకుంటాను."

"ఏ ఎత్తుకండీ?" అన్నారాయన.

"పొడుగు చెయ్యలేరు కదా. అన్నిటికన్నా పొట్టి దాని ఎత్తుకి."

"సరేనండీ" అన్నారు.

కుర్చీలు మళ్ళీ వ్యాన్‌లోకి ఎక్కించుకుని డ్రైవరు పక్కన ఇద్దరం కూర్చున్నాం. చాలా దూరం వచ్చాక, "వాళ్ళెవరూ లేరా?" అన్నారు.

"లేరండీ. నేనే రాశాను."

రెండు సిగ్నళ్ళు దాటాక మళ్ళీ అడిగారు, కాస్త నెమ్మదిగా. "కుట్టు టీచరు కూడానా?"

"ఆవిడా లేదండీ."

ఆయన డ్రైవరుతో షెడ్డుకి కాకుండా ఫ్యాక్టరీకి పోనివ్వమన్నారు.

నలభై నాలుగు కాళ్ళు. కుట్టు టీచరు కుర్చీ కాళ్ళు ముట్టుకోనక్కర్లేదు కాబట్టి. కొత్త మిషన్ దాని పని అది చేసింది. గంట కూడా పట్టలేదు. కోసిన ముక్కలు కింద ట్రేలో పడుతుంటే బావగారు ఒకటి తీసి చూసి, "మంచి చెక్కరా, వృథా" అన్నారు. ఆయన మిషన్ పక్కన చేతులు కట్టుకుని, అది సరిగ్గా కోస్తోందో లేదో చూస్తూ నిలబడ్డారు. అది సరిగ్గానే కోసింది.

కుర్చీలు స్కూలు తీసుకుంది. చాలా బాగున్నాయంది. నేను ఇన్నాళ్ళూ ఎవరి కోసం ఊరంతా తిరిగానో ఆ జనమంతా అప్పుడు వచ్చారు. రెండు బ్రాంచీల నుంచీ అడిగారు, తర్వాత ఏదో ట్యూషన్ల వాళ్ళు, తర్వాత ఒక ఆస్పత్రి. అందరికీ అదే ఎత్తు, చేతులు లేకుండా, వరసలో నిలిచేవి. ఫోన్లు నాకే వచ్చేవి, బావగారికి కలిపేదాన్ని. "ఏమ్మా, నిన్ను మా సేల్స్‌లో పెట్టుకోవాల్సిందమ్మా" అని మెచ్చుకున్నారు. ఆయన ఒకటో తారీకున, ఎవరూ పిలవకుండానే, మిషన్ దగ్గరికి వెళ్ళారు. షెడ్డులో ఇప్పుడు ఎవరో నీళ్ళ సీసాలు నింపుతున్నారు.

తప్పయిపోయిందని మూడుసార్లు అన్నాను. మూడుసార్లూ "ఫర్వాలేదు" అన్నారు. తిడితే బాగుండును. ఒక రోజు అన్నాల దగ్గర మా అత్తగారు ఉండబట్టలేక, "అమ్మాయ్, ఆ కుట్టు టీచరు ఎలా ఉందే?" అంది. ఆవిడకి ఎవరమూ ఏమీ చెప్పలేదు.

"బదిలీ అయిందత్తయ్యా" అన్నాను.

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. పళ్ళెంలో సగం అలాగే ఉంది.

మొన్న సెలవు రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. ఆ స్కూల్లో చూసిన పొడుగాటి ఆవిడ, సైన్సు చెప్తుందట. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చింది.

"ఆ కుర్చీల్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయండీ" అంది ఆయనతో. "ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు. ఆ రోజు మీరు నాకు ఇంకో రెండు వేళ్ళు లోతు కావాలన్నారు గుర్తుందా? ఎన్నేళ్ళ నుంచో డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాను, ఎవరూ ఆ ముక్క చెప్పలేదు. ఇంటికి ఒక్క కుర్చీ కావాలి, నా కొలతకి. ఎన్నాళ్ళయినా ఆగుతాను. కొలుచుకోండి."

నేను అప్పటికే లోపలికి పరుగెత్తాను. సొరుగు లాగి, టేపు తెచ్చి ఆయన ముందు పట్టుకుని నిలబడ్డాను. వంటింటి దాకా వెళ్ళి వచ్చినందుకే ఆయాసం వచ్చింది నాకు.

ఆయన టేపు తీసుకోలేదు. "ఇప్పుడు అవి చెయ్యట్లేదండీ" అన్నారు మర్యాదగా. "ఫ్యాక్టరీలో ఈమధ్య మూడు సైజులు పెట్టారు. పెద్దది మీకు సరిపోవచ్చు."

"మూడింటిలో నేను పట్టనండీ. పోనీ కొలతలు తీసుకుని ఉంచండి, మీకు వీలైనప్పుడే చేద్దురుగాని."

"కొలతలకేముందండీ, మా ఆవిడ రాసేస్తుంది." ఆయన నవ్వారు. "దానికి మీరు రానక్కర్లేదు కూడా."

ఆవిడ దాన్ని మొగుడూ పెళ్ళాల సరసం అనుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నాలుగు నెలల్లో ఆయన నోటి నుంచి అన్ని మాటలు రావడం అదే. ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళి పడుకున్నారు. నేను ఫ్యాక్టరీ కార్డు వెతికి ఆవిడ చేతిలో పెట్టి, పెద్ద సైజు ఒకసారి కూర్చుని చూడండని చెప్పి, వీధి చివరి దాకా సాగనంపి వచ్చాను.